ఒప్పుకున్న కేసును తిరగదోడవచ్చా?

చిత్తూరు కోర్టు ఆవరణలోనో తిరుపతి కోర్టు మెట్ల దగ్గరో మధ్యాహ్నం పూట కాసేపు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది. "ఒప్పేసుకో నాయనా, ఫైనుతో పోతుంది. కాకుంటే ప్రొబేషన్ ఇస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు." ఆ మాట ఒకసారి వకీలు గుమస్తా అంటాడు, ఇంకోసారి కోర్టు డ్యూటీ కానిస్టేబులు అంటాడు. చాలాసార్లు పక్కనే నిలబడ్డ సొంత మేనమామే అంటాడు. ఎవరికీ చెడు చేయాలని ఉండదు. వాయిదాలకు తిరిగి తిరిగి కాళ్లరిగిన కుటుంబానికి ఆ మాట వరంలాగే వినిపిస్తుంది. అయితే రెండేళ్ల తర్వాత అదే కుర్రాడు ఉద్యోగం ఫారం చేతబట్టుకుని వచ్చి, "అన్నా, ఆ కేసును మళ్లీ తెరిపించొచ్చా?" అని అడుగుతాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

ఒక కల్పిత ఉదాహరణ పెట్టుకుందాం. పాకాల వైపు ఒక పల్లె. చెనక్కాయల చేను గట్టు దగ్గర ఇద్దరు దాయాదుల మధ్య మాటా మాటా పెరిగింది. ఇరవై మూడేళ్ల కుర్రాడు చిన్నాయన కొడుకును పార తిప్పి కొట్టాడని కేసు. తలకు కుట్లు పడ్డాయి. 2019లో ఐపీసీ 324 కింద చార్జిషీటు వేశారు. ఆయుధంతో గాయపరచడం ఆ సెక్షను కిందికి వస్తుంది, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కుర్రాడు బెంగళూరులో పని చేస్తున్నాడు. ప్రతి వాయిదాకూ ఒక రోజు జీతం, రానూపోనూ బస్సు చార్జీలు. ఈలోగా పెద్దలు కూర్చుని రెండిళ్లనూ కలిపారు. సంక్రాంతికి ఒకరింటికి ఒకరు పోతున్నారు కూడా. మరి కేసు రాజీ చేసుకోవచ్చు కదా అంటే, చట్టం ఒప్పుకోలేదు. రాజీకి వీలున్న నేరాల పట్టిక నుంచి 324ను 2005 నాటి సవరణ తీసేసింది. లోక్ అదాలత్‌కు పోయినా లాభం లేదు. అప్పుడే ఎవరో అన్నారు, ఒప్పేసుకో అని. 2023లో ఒప్పుకున్నాడు. ఏడాది పాటు మంచి నడవడితో ఉంటానని, ఇద్దరు జామీనుదారులతో బాండు రాసిచ్చి ఇంటికొచ్చాడు. ఊళ్లో అందరూ "కేసు కొట్టేశారంట" అనుకున్నారు.

కేసు కొట్టేయలేదు. అతను దోషి అని కోర్టు రాసింది. శిక్ష మాత్రం వేయకుండా ఆపింది. ఈ రెండు వాక్యాల మధ్య తేడా అర్థమైతే, మిగతా విషయం సగం అర్థమైనట్టే.

ప్రొబేషన్ అనే పద్ధతికి మూలపురుషుడిగా చెప్పేది జాన్ అగస్టస్ అనే ఒక చెప్పుల తయారీదారును. 1841లో అమెరికాలోని బోస్టన్ కోర్టులో తాగుడు కేసులో నిలబడ్డ ఒక మనిషికి తాను పూచీగా ఉంటానని ముందుకొచ్చాడు. జైలుకు పంపకుండా కొంతకాలం గమనించి చూడమని జడ్జిని బతిమాలాడు. ఆ దయే తర్వాత చట్టమైంది. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1936లో, మద్రాసు ప్రొబేషన్ చట్టం వచ్చింది. స్వతంత్రం వచ్చాక దేశమంతటికీ కలిపి 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం చేశారు. నేటికీ నడుస్తున్నది అదే.

ఆ చట్టంలో మన విషయానికి కావలసినవి కొన్ని సెక్షన్లే. చిన్న దొంగతనం, మోసం లాంటి నేరాల్లోనూ, రెండేళ్లకు మించి శిక్ష లేని నేరాల్లోనూ, పాత శిక్షలేవీ లేని మనిషిని మందలించి వదిలేయడానికి మూడో సెక్షను. ఉరి, యావజ్జీవం పడే నేరాలు కాని వాటిలో, మూడేళ్లకు మించని గడువుకు బాండు రాయించుకుని వదలడానికి నాలుగో సెక్షను. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వాళ్లను జైలుకు పంపాలంటే కోర్టు కారణం రాసి తీరాలని ఆరో సెక్షను చెబుతుంది. ఇవన్నీ మంచి సెక్షన్లు. తొలిసారి తప్పు చేసిన పిల్లవాణ్ణి జైల్లో పాత నేరగాళ్ల మధ్య పడేయకూడదన్న ఆలోచన వీటి వెనక ఉంది. నేను ప్రొబేషన్‌కు వ్యతిరేకిని కాను. దాన్ని ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టే అలవాటుకు మాత్రం వ్యతిరేకిని.

కోర్టు నుంచి మనిషి ఇంటికి రావడానికి మూడు దారులున్నాయి, ఊరి భాషలో మూడింటికీ పేరు ఒకటే. సాక్ష్యం చాలక నిర్దోషిగా వదిలితే ఆ మనిషిపై మచ్చ లేదు. రాజీకి వీలున్న కేసులో ఇరుపక్షాలూ రాజీ పడితే, చట్టం దాన్ని కూడా నిర్దోషిగా విడుదలైనట్టే లెక్కిస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షను ఆ మాటే చెబుతాయి. మూడోది ప్రొబేషన్. ఇందులో దోషి అన్న తీర్పు ఫైలులో అలాగే నిలుస్తుంది. 1970ల్లో రైల్వే ఉద్యోగుల కేసుల్లో, చెల్లప్పన్ కేసుగా పేరుపడ్డ తీర్పులో, సుప్రీంకోర్టు ఈ సంగతి విడమర్చి చెప్పింది. ప్రొబేషన్ ఇచ్చినంత మాత్రాన నేరం చేశాడన్న నిర్ణయం చెరిగిపోదని.

ఇక్కడ చాలామంది ప్రొబేషన్ చట్టం పన్నెండో సెక్షను ఎత్తి చూపుతారు. ప్రొబేషన్ మీద వదిలిన మనిషికి, దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హతలేవీ అంటవని అది చెబుతుంది. నిజమే, విలువైన రక్షణే. ఏదైనా చట్టం "శిక్షపడ్డవాడు ఈ పదవికి తగడు" అని రాసి ఉంటే, ఆ రాత ఇతనికి వర్తించదు. కానీ అనర్హత వేరు, ప్రవర్తన వేరు. 1990లో బక్షీ రామ్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత అదే. సర్వీసులో ఉన్న ఉద్యోగి ఏ పని చేసి దోషిగా తేలాడో చూసి శాఖ చర్య తీసుకోవడాన్ని పన్నెండో సెక్షను ఆపదని చెప్పింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ల సంగతి 2016లో అవతార్ సింగ్ కేసులో తేలింది. ఫారంలో కేసుల గురించి అడిగితే నిజమే రాయాలి. చిన్న కేసు అయితే దాన్ని పట్టించుకోకుండా ఉద్యోగం ఇచ్చే విచక్షణ యజమానికి ఉంది. దాచినట్టు తేలితే మాత్రం, కేసు కంటే ఆ దాపరికమే ఎక్కువ దెబ్బ కొడుతుంది. కానిస్టేబులు ఉద్యోగానికి ఎంపికై అటెస్టేషన్ ఫారం నింపుతున్న కుర్రాళ్లకు ఎవరైనా ముందు చెప్పాల్సింది ఇదే. "కేసు కొట్టేశారు కదా" అనుకుని "లేదు" అని రాస్తారు. అది అబద్ధమని వాళ్లకే తెలియదు.

పాస్‌పోర్టు గురించి భయం కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల జైలు శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని చట్టం అంటుంది. ప్రొబేషన్ మీద బయటికొచ్చిన మనిషికి జైలు శిక్షే పడలేదు. కనుక ఆ ఒక్క కారణంగా కేసు తిరగదోడాలని పరుగులు పెట్టనక్కర్లేదు.

నేరం ఒప్పుకుంటేనే ప్రొబేషన్ ఇస్తారన్నది అపోహ. చట్టం ఎక్కడా అలా అనలేదు. "దోషిగా తేలినప్పుడు" అని మాత్రమే ఉంది. విచారణ మొత్తం నడిపించి, సాక్షులను క్రాస్ చేయించి, చివరికి ఓడిపోయినా, ఆ రోజే ప్రొబేషన్ అడగవచ్చు. కింది కోర్టు ఇవ్వకపోతే అప్పీలులో అడగవచ్చు, రివిజన్‌లోనూ అడగవచ్చు. పదకొండో సెక్షను పై కోర్టులకు ఆ అధికారం స్పష్టంగా ఇచ్చింది. దీన్ని గట్టిగా నిలబెట్టిన తీర్పు రాసింది మన తెలుగు జడ్జి. 1964లో రతన్‌లాల్ వర్సెస్ పంజాబ్ కేసులో, కింది కోర్టు తీర్పు ఇచ్చేనాటికి ఆ ప్రాంతంలో ప్రొబేషన్ చట్టం అమల్లోకే రాలేదు. అయినా అప్పీలు దశలో ఆ చట్టం మేలును పదహారేళ్ల కుర్రాడికి అందించవచ్చని జస్టిస్ కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు రాశారు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయన. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి ఛాన్సలర్‌గా ఉన్నదీ ఆయనే.

అంటే మన పాకాల కుర్రాడు ప్రొబేషన్ కోసం ఏమీ వదులుకోనక్కర్లేదు. అయినా వదులుకున్నాడు. వదులుకున్నది అప్పీలును. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర నేరం ఒప్పుకుని దోషిగా తేలిన మనిషి, శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో తప్ప అప్పీలు చేయలేడని పాత కోడ్ 375, కొత్త సంహిత 416 అంటాయి. "నేను నేరమే చేయలేదు" అని పై కోర్టుకు చెప్పే మామూలు దారి అక్కడ మూసుకుపోయింది. ఆ తలుపు వేసింది ఒప్పుకోలు. ప్రొబేషన్ తర్వాత వచ్చి కూర్చుంది, అంతే.

సరే, జరిగిపోయింది. ఇప్పుడేం చేయవచ్చు?

మొదట అందరూ వెళ్లేది అదే కోర్టుకు. "సార్, తెలియక ఒప్పుకున్నాను, మళ్లీ విచారించండి" అని పిటిషన్ వేస్తారు. ఆ మేజిస్ట్రేటు ఎంత మంచివారైనా చేయగలిగింది లేదు. తీర్పు మీద సంతకం పెట్టాక, అంకెల తప్పో రాత తప్పో తప్ప మరేదీ దిద్దే అధికారం ఆ కోర్టుకు లేదు. పాత కోడ్ 362, ఇప్పుడు 403. కొత్త సాక్ష్యం దొరికిందని పాత కేసును తెరిచే ప్రత్యేక పద్ధతి మన చట్టంలో లేదు. ఇంగ్లండులో అన్యాయంగా శిక్షపడ్డ కేసులను పరిశీలించి మళ్లీ అప్పీలు కోర్టుకు పంపడానికి 1997 నుంచి ఒక కమిషన్ పనిచేస్తోంది. మనకు అలాంటిది లేదు. మన దగ్గర ఉన్నవి పైకి పోయే మెట్లు మాత్రమే.

ఆ మెట్లలో మొదటిది, ప్రొబేషన్ చట్టం పదకొండో సెక్షనులోనే ఉన్న అప్పీలు. మూడో సెక్షను కిందో నాలుగో సెక్షను కిందో ఇచ్చిన ఉత్తర్వు మీద, కోడ్‌లో ఏమున్నా సరే, పై కోర్టుకు అప్పీలు ఉంటుందని అది అంటుంది. చిత్తూరు జిల్లాలో మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద అది సెషన్స్ కోర్టుకు పోతుంది. గడువు ముప్పై రోజులు. "కోడ్‌లో ఏమున్నా సరే" అన్న ఆ మాటను పట్టుకుని, ఒప్పుకున్న మనిషి తరఫున కూడా గట్టిగా వాదించే వీలుంది. తీర్పు వచ్చి నెల దాటకుండా ఉంటే, చేయాల్సిన పని ఇదే. గడువు దాటితే, ఎందుకు ఆలస్యమైందో రోజుల లెక్కతో చెప్పి మాఫీ కోరాలి. "తెలియదు" అన్న ఒక్క మాటతో కోర్టులు సాధారణంగా కరగవు. జబ్బు, వలస, తప్పుడు సలహా, తీర్పు నకలు ఆలస్యంగా రావడం లాంటివి కాగితాలతో చూపిస్తే వింటాయి.

రెండోది రివిజన్. సెషన్స్ కోర్టుకైనా హైకోర్టుకైనా తొంభై రోజుల్లో వేయవచ్చు, రెండింటిలో ఒక్కచోటే. ఇందులో సాక్ష్యాన్ని మళ్లీ తూచరు. కింది కోర్టు నడక సరిగ్గా ఉందా, చట్టప్రకారం జరిగిందా అని చూస్తారు. మూడోది హైకోర్టుకు ఉన్న సహజ అధికారం, పాత 482, ఇప్పటి 528. దానికి గడువు రాసిలేదు గానీ ఏళ్ల తరబడి నిద్రపోయి లేచివస్తే ఆ ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది.

ఏ మెట్టు ఎక్కినా అడిగే ప్రశ్న ఒకటే. ఆ రోజు కోర్టులో జరిగిన ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలేనా? నిందితుడి మీద ఉన్న ఆరోపణ అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలి. అతను చెప్పిన జవాబును వీలైనంత వరకు అతని మాటల్లోనే రాయాలి. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన మహంత్ కౌశల్యాదాస్ కేసులో సుప్రీంకోర్టు 1960ల్లోనే ఈ నియమం అలంకారం కాదని చెప్పింది. ఇది మన జిల్లాలకు ఎంతో దగ్గరి విషయం. కుప్పంలో కన్నడం, తమిళం ఇంటి భాషలైన కుటుంబాలున్నాయి. నగరి, సత్యవేడు వైపు తమిళం వినిపిస్తుంది. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడేవాళ్లలో జవ్వాది కొండల నుంచి వచ్చిన తమిళ కూలీలు ఎందరో ఉన్నారు. అలాంటి మనిషి పక్కన దుబాసీ లేకుండా, అతను తల ఊపితే "నేరం అంగీకరించాడు" అని ఇంగ్లీషులో ఒక లైను రాస్తే, ఆ లైను మీద తప్పకుండా దాడి చేయవచ్చు. అతను ఊపింది దేనికి?

వకీలు ఉన్నాడా అన్నది ఇంకో ప్రశ్న. పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టుకునే హక్కుందని చెప్పాల్సిన బాధ్యత కోర్టుదేనని, అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదని 1986లో సుఖ్‌దాస్ కేసులో తేలింది. వకీలు లేకుండా పడిన ఆ శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది.

అన్నిటికంటే మన ప్రశ్నకు దగ్గరగా వచ్చే కేసు పక్క రాష్ట్రం కర్ణాటకది, తిప్పస్వామి కేసు. 1983 నాటి న్యాయ సంపుటాల్లో దొరుకుతుంది. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకు కారణమయ్యాడన్న ఆరోపణ. ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందన్న నమ్మకంతో ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు జరిమానాతో వదిలారు. పై కోర్టు దాన్ని జైలు శిక్షగా మార్చింది. సుప్రీంకోర్టు ఏమందంటే, తక్కువ శిక్ష ఆశ చూపి మనిషి చేత నేరం ఒప్పించి, తర్వాత అప్పీలులో శిక్ష పెంచడం రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణకే విరుద్ధం. దోషి అన్న తీర్పును కూడా తీసేసి, కేసును మొదటి కోర్టుకు తిప్పి పంపింది, అతను కావాలంటే నిర్దోషినని వాదించుకోవచ్చని. దానికి మూడేళ్ల ముందు, గుజరాత్ ఆహార కల్తీ కేసు కాసంభాయ్ తీర్పులోనూ బేరం పెట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని ఇదే కోర్టు అన్నది.

కాబట్టి, అవును, ఒప్పుకున్న కేసును తిరగదోడిన ఉదాహరణలున్నాయి. కానీ ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించాలి. తిరగదోడడం అంటే అర్థమేమిటి? ప్రొబేషన్ ఉత్తర్వు కూడా పోతుంది. కేసు మళ్లీ మొదటికి వస్తుంది. సాక్షులు మళ్లీ బోను ఎక్కుతారు. గాయపడ్డ చిన్నాయన కొడుకు "అవును, కొట్టాడు" అంటే, డాక్టరు వచ్చి కుట్ల లెక్క చెబితే, ఈసారి జైలు పడవచ్చు. నిజంగా చేయని నేరమైతే, సాక్ష్యం నిలబడదన్న నమ్మకం ఉంటే, పోరాడాలి. కోపంలో చెయ్యి చేసుకున్న మాట నిజమే, ఉద్యోగం కోసం మచ్చ చెరపాలన్నదే కోరిక అయితే, ఈ దారి ప్రమాదకరం. ఇది చెప్పకుండా పిటిషన్ వేయించే సలహాదారును నేను నమ్మను.

అలాంటివాళ్లకు ఇంకో దారి 2021లో తెరుచుకుంది. రామ్‌గోపాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసు. పల్లెటూరి కొట్లాటలో ఒకడు పదునైన ఆయుధంతో కొడితే ఎదుటివాడి చిటికెనవేలు తెగింది. కింది కోర్టులు శిక్ష వేశాయి. తర్వాత రెండు పక్షాలూ కలిసిపోయాయి. రాజీకి వీలులేని సెక్షను అది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, నాటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ సూర్యకాంత్ కూర్చున్న ధర్మాసనం, ఘోరమైన నేరం కానప్పుడు, తగాదా ఇద్దరి మధ్యదే అయినప్పుడు, రాజీ స్వచ్ఛందమైనప్పుడు, దోషి అన్న తీర్పు వచ్చిన తర్వాత కూడా హైకోర్టు తన సహజ అధికారంతో ఆ కేసును రద్దు చేయవచ్చని తేల్చింది. విచారణ ముగిసిందా, అప్పీలు పోయిందా అన్నది అడ్డు కాదంది. మన గట్టు తగాదాకు కొలతపెట్టి కుట్టినట్టు సరిపోయే తీర్పు ఇది. చిన్నాయన కొడుకు ప్రమాణపత్రం ఇస్తే, అమరావతిలో హైకోర్టు ముందు పెట్టడానికి మంచి కేసు. కేసు రద్దు చేస్తారని హామీ లేదు, అది హైకోర్టు విచక్షణ. కానీ ఓడిపోయినా ఉన్న ప్రొబేషన్ పోదు.

వయసు సంగతి కూడా చూసుకోవాలి. నేరం జరిగిన నాటికి పద్దెనిమిది నిండలేదని తేలితే, ఆ మాట ఎప్పుడైనా ఎత్తవచ్చు. కేసు పూర్తిగా ముగిసిన తర్వాత కూడా వినాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం తొమ్మిదో సెక్షను చెబుతుంది. ఏళ్ల తర్వాత నేరుగా తెరుచుకునే తలుపు నాకు తెలిసి ఇదొక్కటే. దానికి మొదటి రుజువు బడి సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు, తర్వాత పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. ఆ చట్టం చెప్పిన వరుసలో ఆధార్ కార్డు లేదు. పట్టుకొచ్చిన రోజు స్టేషన్‌లో "పంతొమ్మిది" అని రాసేసిన పిల్లల్లో నిజంగా పదిహేడు దాటనివాళ్లు ఉండవచ్చు. వాళ్ల విషయంలో దోషి అన్న ఆ తీర్పు వల్ల సాధారణంగా ఏ అనర్హతా ఉండదు.

ప్లీ బార్గెయినింగ్ అనే మాట కూడా కోర్టుల్లో వినిపిస్తుంది. 2006 జులై నుంచి అమల్లో ఉన్న పద్ధతి. ఏడేళ్లకు మించి శిక్ష లేని నేరాల్లో, ఆడవాళ్ల మీదా చిన్నపిల్లల మీదా జరిగినవి కాకుంటే, నిందితుడే దరఖాస్తు పెట్టుకుని బాధితుడితో ఒప్పందానికి రావచ్చు, జడ్జి ప్రొబేషన్ కూడా ఇవ్వవచ్చు. ఇందులో జడ్జి నిందితుణ్ణి ఏకాంతంగా పిలిచి, ఇష్టపూర్వకంగానే వచ్చావా అని అడగాలి. ఆ రక్షణ మంచిదే. కానీ తీర్పు వచ్చాక అప్పీలు లేదు. హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి, అంతే మిగులుతాయి. వరండాలో ఎవరో చెబితే ఒప్పుకోవడం, ఈ పద్ధతి ప్రకారం ఒప్పుకోవడం ఒకటి కావు. మీ కేసులో జరిగింది ఏదో ముందు తెలుసుకోవాలి.

ఇంతసేపూ దోషి వైపు నుంచే మాట్లాడాం. కేసు అటువైపు నుంచి కూడా తెరుచుకుంటుంది. బాండు షరతు తప్పితే ప్రొబేషన్ చట్టం తొమ్మిదో సెక్షను కింద అదే కోర్టు పిలిపించి, పాత నేరానికి శిక్ష వేయవచ్చు. మొదటిసారి తప్పితే యాభై రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలూ ఉంది. ఆ అంకె 1958 నుంచి మారలేదు. ఒకసారి పాత నేరానికి శిక్ష పడితే పన్నెండో సెక్షను రక్షణ కూడా పోతుంది. అలాగే ప్రొబేషన్ సంపాదించేటప్పుడు నిజం దాచితే అది నిలవదు. 2005లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో, అంతకుముందు మరో కేసులో దోషిగా తేలిన సంగతి చెప్పకుండా ప్రొబేషన్ పొందిన మనిషి ఉత్తర్వును సుప్రీంకోర్టు రద్దు చేసింది. జిల్లా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోకుండా నాలుగో సెక్షను కింద వదలకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ నివేదిక ఫైలులో ఉందా లేదా అన్నది రెండు పక్షాలకూ పనికొచ్చే ప్రశ్న.

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇప్పుడు ఇంకో రకం ఫోను కూడా వస్తోంది, అమెరికా నుంచి. చదువుకోవడానికి వెళ్లిన పిల్లవాడు దుకాణంలో చిన్న వస్తువుకు డబ్బు కట్టలేదనో, తాగి కారు నడిపాడనో పట్టుబడితే, అక్కడి వకీలు "ఒప్పుకో, ఆరు నెలలు ప్రొబేషన్, తర్వాత కేసు కొట్టేస్తారు" అంటాడు. మాట మన కోర్టు వరండాలో విన్నట్టే ఉంటుంది. కానీ అక్కడ 1996 నాటి వలస చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, దానికి ఏదో ఒక రూపంలో శిక్షో ఆంక్షో పడితే, రాష్ట్ర కోర్టు తర్వాత కేసు కొట్టేసినా వీసా అధికారుల దృష్టిలో అది శిక్షపడ్డ కేసే. నేరాన్ని బట్టి దేశం వదలాల్సి రావచ్చు. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని చెప్పడం వకీలు బాధ్యత అన్నది. చెప్పకపోతే, ఆ లోపం వల్ల నష్టం జరిగిందని చూపించి ఒప్పుకోలును వెనక్కి తీసుకోమని అడగవచ్చు. దానికి ప్రతి రాష్ట్రంలో వేరు వేరు గడువులున్నాయి. అందుకే తల్లిదండ్రులు ఇక్కడి నుంచి అడగాల్సిన మొదటి మాట, "ఇమిగ్రేషన్ వకీలును కూడా అడిగావా?" అని.

మళ్లీ పాకాల కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను ఈ సోమవారం వెళ్లాల్సింది పెద్ద వకీలు దగ్గరికి కాదు, తీర్పు ఇచ్చిన కోర్టులో నకళ్ల విభాగానికి. సీసీ నంబరు రాసి మూడింటికి సర్టిఫైడ్ నకళ్లు అడగాలి. తీర్పు, ఆరోపణ చదివి వినిపించిన రోజు రాసుకున్న ప్రశ్న జవాబుల కాగితం, ప్రొబేషన్ అధికారి నివేదిక గురించి ఉన్న ఉత్తర్వు. డబ్బు లేకపోతే చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నకళ్లు చేతికొచ్చాక రెండో కాగితంలో తన జవాబు ఏ భాషలో, ఎన్ని మాటల్లో రాశారో చూసుకోవాలి. అది సక్రమంగా ఉంటే, సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయి చిన్నాయన కొడుకుతో కూర్చుని, హైకోర్టుకు ప్రమాణపత్రం ఇస్తావా అని అడగాలి.